పూచీకి పూచీ ఎవరు?

“మాస్టారూ, మీరొక్క సంతకం పెడితే నా పని గట్టెక్కుతుంది” అన్నాడు మా కాలేజీలో ఒక సహోద్యోగి, పదేళ్ల క్రితం. పెట్టాను. అంతకు ముందే మరి ఇద్దరికి పెట్టి ఉన్నాను. అప్పిచ్చిన సొసైటీ వారు నా జీతం చూశారే గాని, ఇంకా ఎందరికి జామీనున్నానో అడగలేదు. ఆ మరుసటి ఏడు కాలేజీలో జీతాలు నిలిచిపోయాయి. ముగ్గురి వాయిదాలూ ఒక్కసారే నా నెత్తిన పడ్డాయి. నా జీతమూ వాటితోనే నిలిచింది. చివరకు మా ఆవిడ గాజులు తాకట్టుకు వెళ్లాయి.

తెలుగు చెప్పుకు బతికేవాడికి అమెరికా బాండ్ల గొడవ ఎందుకంటారా? ‘ఆంబాక్’ కథ చదువుతుంటే నాకు ఆ గాజులే గుర్తుకొచ్చాయి.

1971లో పుట్టిన ఈ కంపెనీ వ్యాపారమే పూచీ. మునిసిపాలిటీ బాండ్లు అమ్మి అప్పు తెస్తుంది. అది చెల్లించలేకపోతే అసలూ వడ్డీ గడువు ప్రకారం తాను చెల్లిస్తానని కంపెనీ రుసుము పుచ్చుకుని మాట ఇచ్చేది. రేటింగు సంస్థలిచ్చిన ‘ట్రిపుల్ ఏ’ అన్న గుర్తే దాని సరుకు. మునిసిపాలిటీలు ఎగవేయడం అరుదు గనుక గోరంత మూలధనం మీద కొండంత పూచీ నిలిచింది. ఆ లాభం చాలక, ఇళ్ల తాకట్టు అప్పులను కట్టగట్టి చేసిన బాండ్లకు కూడా సంతకం పెట్టింది. 2007 చివరికి మొత్తం పూచీ 50,000 కోట్ల డాలర్లు దాటింది.

ఇళ్ల ధరలు పడగానే ఆ అప్పులన్నీ ఒక్కసారే చెడ్డాయి. 2008లో ట్రిపుల్ ఏ పోయింది; దానితో కొత్త వ్యాపారమూ పోయింది. 2010 మార్చిలో విస్కాన్సిన్ రాష్ట్ర బీమా అధికారి చెడ్డ పూచీలను వేరే ఖాతాలో పెట్టి చెల్లింపులు ఆపించాడు. నవంబరులో మాతృసంస్థ దివాలా పిటిషను వేసింది. 2012లో తిరిగి చెల్లింపులు మొదలైనప్పుడు చేతికి వచ్చింది రూపాయికి పావలా లెక్కనే!

కాబట్టి పూచీదారు పరపతి తూచాలంటే గుర్తు ఒక్కటీ చూస్తే చాలదు. చేతిలో సొమ్మెంత, పూచీ ఎంత? పూచీ పడిన అప్పులన్నీ ఒకే కారణంతో చెడేవేనా? నష్టం ఒకేసారి కట్టాలా, ఏళ్ల తరబడి కట్టాలా? ఏళ్ల తరబడి అయితే పాత రుసుముల రాబడితో కొన్నాళ్లు నిలదొక్కుకోవచ్చు. అయితే ముందు వచ్చినవారికి అంతా ఇచ్చేస్తే వెనక వచ్చేవారికి మిగిలేదేమిటి? అధికారి చెల్లింపులు ఆపించడంలో ఉన్న న్యాయం ఇదే.

మొన్న ఒక కుర్ర లెక్చరరు ఫారం పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

“నీ ఉద్యోగం ఎక్కడ నాయనా?” అన్నాను.

“అదేమిటండీ, మన కాలేజీలోనే గదా!”

“అందుకే పెట్టలేను. వేరే కాలేజీ వాణ్ణి చూసుకో” అన్నాను. లోపలి నుంచి గాజుల చప్పుడు వినిపించింది.