మీకు తెలుసా? బడి వరండాలో పుట్టిన కుక్క పోలీసు

తల కుక్కది, ఒళ్లు పోలీసుది! బాంబు పేలి గాయపడిన ఆ ఇద్దరినీ డాక్టర్లు ఒక్కటిగా కుట్టేస్తే పుట్టినవాడే ‘డాగ్ మ్యాన్’. దొంగను తరుముతుంటే బంతి కనిపించిందా, ఇక అటే పరుగు!

అమెరికా రచయిత డేవ్ పిల్కీ 2016లో తెచ్చిన ఈ బొమ్మల కథకు మూలం ఆయన చిన్ననాటి గీతలే. అక్షరాలు చదవడం కష్టమయ్యే డిస్లెక్సియా వల్ల చదువులో తడబడేవాడు, కుదురుగా కూర్చోలేకపోయేవాడు. టీచర్లు రోజూ బయట వరండాలో కూర్చోబెట్టేవారు. పాపం, పసివాడు! అక్కడే కామిక్స్ గీసుకున్నాడు.

ఈ పుస్తకంలో కొన్ని పేజీలను చకచకా అటూ ఇటూ తిప్పితే బొమ్మలు కదులుతాయి. నాకు మరీ ఇష్టమైంది మాత్రం స్నేహం: దొంగపిల్లి పీటీ తనకు నకలుగా తయారుచేసుకున్న బుల్లి పిల్లి, చివరికి డాగ్ మ్యాన్‌కే ప్రాణస్నేహితుడవుతాడు.