పోయొస్తనని చెప్పని అతిథి

మన యిండ్లకు వచ్చిన చుట్టము లేచునప్పుడు 'పోతున్న' అనడు, 'పోయొస్త' అనును. ఆ మాట చెవిని బడకమునుపే గడప దాటినవాడు ఎల్లంతకుంటలోనైనను, సిరిసిల్లలోనైనను మర్యాద యెరుగనివాడే. వెబ్ పుటలకు వచ్చు అతిథికి ఈ మర్యాద పుట్టుకతోనే లేదు. అతడు వచ్చిన క్షణము సర్వరు చిట్టాకెక్కును గాని, వెడలిన క్షణమును వ్రాయుటకు ఆ చిట్టాలో గడియే లేదు. 'ఈ పుటయొద్ద చదువరి యెంతసేపు నిలిచెను?' అను ప్రశ్నకై పుట్టిన కాలమాపక యంత్రము జీవితమంతయు, చెప్పకుండ పోయినవాని అడుగుల చప్పుడును పట్టుటకు పడిన పాట్లతోనే గడచినది.

తొలినాళ్ళలో ఒక పుటను కోరిన క్షణమునకును మఱియొక పుటను కోరిన క్షణమునకును నడుమ గల యెడమునే మొదటి పుట చదివిన కాలముగా గ్రహించెడివారు. చివరి పుట తరువాత మఱియొక కోరిక రాదు గనుక దానికి దక్కినది శూన్యమే; ఒక్క పుటనే అరగంటసేపు అక్షరమక్షరము చదివి పోయిన శ్రద్ధాళువు సైతము లెక్కలో నిలువని అతిథియే యయ్యెను. 1995లో జార్జియా టెక్ పరిశోధకులు కాట్లెడ్జి, పిట్కో యనువారు, చదువరుల చేష్టకు చేష్టకు నడుమ సగటున 9.3 నిమిషములు గడచుచున్నవని కనుగొని, 25.5 నిమిషములు మించిన మౌనమును దర్శనాంతముగా నెన్నిరి. అదియే వాడుకలో 30 నిమిషములైనది. మౌనమునుబట్టి వీడ్కోలును ఊహించుట యన్నమాట!

జావాస్క్రిప్టు పుట్టినదియు ఆ 1995లోనే. దానితో గడియారము సర్వరును విడిచి చదువరి బ్రౌజరులోనికి కాపురము వచ్చెను. కంప్యూటర్లు 1970 జనవరి 1, గ్రీనిచి అర్ధరాత్రి మొదలుకొని కాలమును లెక్కించునని వినియుందురు. ఆ క్షణమున మన సిరిసిల్లలో తెల్లవారుజాము 5 గంటల 30 నిమిషములు. అయితే ఫోను గడియారమును ఎవ్వరైనను ముందు వెనుకలకు త్రిప్పవచ్చును గనుక, పుట తెరచిన క్షణమునుండి ముందుకే నడచు వేఱొక గడియారమును బ్రౌజర్లు సమకూర్చుకొన్నవి. 2018 జనవరిలో స్పెక్టర్ అను ప్రాసెసరు లోపము బయటపడి, అతిసూక్ష్మమైన గడియారమే దొంగకు తాళపుచెవి కాగలదని తేలగా, బ్రౌజర్లు తమ గడియారములను తామే మొద్దుబార్చుకొనెను. సెకనులో వేయవవంతు తప్పినంతమాత్రమున చదివిన కాలమునకు వచ్చు లోటేమియు లేదు. బ్రౌజరుకు బ్రౌజరుకు లెక్క చెడునది వీడ్కోలునొద్దనే.

పుట మూతబడు క్షణమున బ్రౌజరు ఒక సంకేతము నిచ్చును. ఆ క్షణమున సర్వరునకు పంపిన కబురో, పుటతోబాటే దారిలో ప్రాణము విడుచుచుండెడిది. పుట పోయినను కబురు పోకుండునట్లు చేయు సెండ్‌బీకన్ అను ఉపాయము క్రోమునకును ఫైర్‌ఫాక్సునకును 2014లో అబ్బగా, సఫారికి 2018 వరకు అబ్బలేదు. ఇంతలో సెల్‌ఫోను వచ్చి ఉన్న లెక్కను ఊడ్చిపెట్టినది. ఫోనులో పుటను మూసివేయువా రెందఱు? తెర నార్పి జేబులో వేసికొందురు, లేదా వ్రేలితో పైకి త్రోసివేయుదురు. మూతబడు సంకేతము పుట్టనే పుట్టదు. కావున పుట 'కనబడుచున్నదా, మఱుగైనదా' యని తెలుపు సంకేతము శరణ్యమైనది. అదియు, పాత సఫారిలో, ఒక లంకెను నొక్కి వేఱు పుటకు పోయినప్పుడు మౌనము వహించెడిది, 14.5వ కూర్పుతో గాని ఆ మౌనము వీడలేదు. విడిచిన పుటను చంపక నిద్రపుచ్చి, వెనుకకు మరలినంతనే లేపు నేర్పు ఫైర్‌ఫాక్సునకు 2005 నాటిది. ఆ పుట నిజముగనే 'పోయొస్త'నని పోయి వచ్చినదే. కాని నిద్రించిన కాలమును గూడ చదువులో కలిపివేయు అజాగ్రత్తపు లెక్కలు కొల్లలు.

ఈ భేదములను పరీక్షింపగోరువారికి వలసినవి వేఱువేఱు బ్రౌజర్లు గల రెండు ఫోనులు, ఒక చేతి గడియారము. పుటను తెరచి ఒక నిమిషము చదివి, తెర నార్పి రెండు నిమిషములు ఊరకుండి, మరల వెలిగించి ఒక నిమిషము చదివి, పైకి త్రోసివేయవలెను. నిజమైన ఉత్తరము 2 నిమిషములు. రాకపోకల నడిమి కాలమును తీసివేతతో సాధించు లెక్క 4 అనును. పోక కబురు చేరనిచోట అదియే శూన్యమనును. సెకనుకొక గంట కొట్టి గంటల నెన్నునట్టి లెక్కయో, మఱుగైన పుటలో బ్రౌజరు ఆ గంటను మందగింపజేసినకొలది తగ్గిపోవును. మఱుగు సంకేతమును చక్కగా విన్న లెక్క యొక్కటే చేతి గడియారముతో ఏకీభవించును.

చదివిన కాలమును కొలుచుట వర్తకుల తాపత్రయము మాత్రమే కాదు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాను గూడ నడుపు వికీమీడియా ఫౌండేషను, పుటయొద్ద చదువరులు నిలుచు కాలమును 2017 నుండి కొలువజొచ్చెను. 2019లో వెలువడిన పరిశోధనపత్రము, ముందుగా ఆ కొలతనే పరీక్షకు పెట్టి, పిమ్మట, వర్ధమాన దేశముల చదువరులు పుటకు ఎక్కువకాలము వెచ్చించుచున్నారనియు, పెద్ద కంప్యూటర్లపై ఈ భేదము మఱింత హెచ్చనియు తేల్చినది. ఈ ఫలితము నాకు ముచ్చట గొల్పినదని దాచనేల?

అయినను ఒక చిక్కు మిగిలియే యున్నది. సిరిసిల్లలో ఒక నేతకాడు, ఎల్లంతకుంట మండలపు అనంతగిరి జలాశయమును గూర్చిన పుటను తెరచి, సాంచ (మరమగ్గము) ప్రక్కన బల్లపై ఫోనుంచి చదువుచుండెననుకొందము. పోగు తెగినది. అతడు లేచి ముడివేయబోయెను. తెర యింకను వెలుగుచునే యున్నది. ఆ వెలుగు ఆరువఱకును, ఏ బ్రౌజరైనను సరే, అతడు చదువుచున్నాడనియే వ్రాసికొనుచుండును.