మేక మూత్రం: దొడ్డిలో నిలిస్తే పిల్లకు చేటు, పొలానికి చేరితే పైరుకు బలం

మేకపిల్లలు దక్కితేనే మేకల పెంపకంలో లాభం. నాలుగు మేకలున్న పేద కుటుంబానికి ఆ పిల్లలే పండుగ ఖర్చు, పిల్లల చదువు ఖర్చు, ఆపద వేళ చేతికందే రొక్కం. అటువంటి పిల్లలు ముసురు పట్టిన రోజుల్లోనూ, చలి రాత్రుల్లోనూ దగ్గి, రొప్పి, ఒకదాని వెంట ఒకటి చనిపోతుంటాయి. దిష్టి తగిలిందనో, చలికి ఆగలేదనో సరిపెట్టుకోవడం చాలామందికి అలవాటు. చలి కూడా ఒక కారణమే. కాని పెద్ద కారణం తరచుగా పిల్ల పడుకున్న చోటే ఉంటుంది. అది దొడ్డి నేలలో ఇంకి నిలిచిన మూత్రం.

ఘాటు ఎక్కడిది?

పెద్ద మేక తినే మేతను, తాగే నీటిని బట్టి రోజుకు సుమారు అర లీటరు నుంచి లీటరు దాకా మూత్రం పోస్తుంది. ఆడ మేక అప్పుడే పోసిన మూత్రానికి పెద్దగా వాసన ఉండదు. లేత పసుపు రంగులో, నీళ్లలా పలుచగా ఉంటుంది. అందులో యూరియా ఉంటుంది. రైతులు బస్తాల్లో కొని పైరుకు వేసే యూరియా, ఈ యూరియా ఒకే పదార్థం.

మూత్రం నేల మీద పడి పెంటికలతో, మట్టితో కలిసిన తర్వాతే అసలు కథ మొదలవుతుంది. పెంటలోను, మట్టిలోను ఉండే సూక్ష్మక్రిములు యూరియాను విడగొడతాయి. అప్పుడు అమోనియా అనే వాయువు పుడుతుంది. తెల్లవారి తడిక తీయగానే ముక్కు పుటాలు అదిరి, కళ్లు మండేది దీనివల్లనే. తడి, వెచ్చదనం ఎంత ఎక్కువైతే ఈ వాయువు అంత ఎక్కువ పుడుతుంది.

పిల్లకే ఎందుకు ముప్పు?

అమోనియా పుట్టేది నేల మీద. కనుక దాని ఘాటు నేల దగ్గరే ఎక్కువ. నిలబడిన మనిషికి అది అంతగా తెలియదు. పైగా రోజూ అదే వాసన పీల్చేవారి ముక్కు దానికి అలవాటు పడిపోతుంది. మేకపిల్ల మాత్రం ముక్కు నేలకు ఆనించి రాత్రంతా అక్కడే పడుకుంటుంది.

గాలి గొట్టం లోపలి గోడల మీద కంటికి కనిపించని సన్నని నూగు ఉంటుంది. గాలితో పాటు వచ్చే దుమ్మును, క్రిములను అది పైకి నెడుతుంటుంది. అమోనియా తగిలితే ఆ నూగు దెబ్బతింటుంది. కాపలాదారు లేని ఇంట్లోకి దొంగ జొరబడినట్లు, మామూలుగా ముక్కులో, గొంతులో ఊరకే పడి ఉండే పాశ్చురెల్లా వంటి క్రిములు ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. అదే న్యుమోనియా. కళ్ల నీరు, చీమిడి, దగ్గు, ఎగశ్వాస, పాలు మానడం దీని గుర్తులు. ఈ గుర్తులు కనిపించిన పిల్లను ఆలస్యం లేకుండా పశువైద్యునికి చూపించాలి.

తడి నేల తెచ్చే ముప్పు ఇదొక్కటే కాదు. రక్తపారుడు కలిగించే కాక్సీడియా అనే పరాన్నజీవి గుడ్లు వెచ్చని తడిలోనే బలపడతాయి. మూడు వారాల నుంచి అయిదు నెలల వయసు పిల్లలకు దీని బెడద ఎక్కువ. అప్పుడే పుట్టిన పిల్లకు పచ్చిబొడ్డు ద్వారా క్రిములు ఎక్కి కీళ్లు వాస్తాయి. అందుకే ఈనిన వెంటనే బొడ్డుకు టింక్చర్ అయొడిన్ పూసి, పిల్లను పొడి చోట ఉంచాలి. మొదటి గంటలోనే ముర్రుపాలు తాగించాలి.

అయితే ప్రతి దగ్గుకూ, ప్రతి పారుడుకూ మూత్రమే కారణమని అనుకోరాదు. పి.పి.ఆర్. వ్యాధిలోనూ దగ్గు, పారుడు, జ్వరం ఉంటాయి. పిల్లకు మూడు, నాలుగు నెలలు నిండాక పశువైద్యుని సలహాపై దానికి టీకా వేయించాలి.

పాత మాట, నేటి మాట

మేక మూత్రానికి పాత వైద్యంలో స్థానం లేకపోలేదు. చరక సంహిత చెప్పిన ఎనిమిది మూత్రాల్లో మేకది ఒకటి. క్షయ రోగి మేకల నడుమ పడుకోవడం మంచిదన్న మాట కూడా పాత వైద్యంలో ఉంది. దొడ్డి వాసన ఆరోగ్యమన్న నమ్మకానికి ఇటువంటి మాటలు ఊతమిస్తున్నాయి. క్షయను నయం చేసేది మందులే కాని దొడ్డి వాసన కాదు. మేకపిల్లకైతే ఆ వాసన కీడే చేస్తుంది.

చేయవలసిన పనులు

దొడ్డి గాలి ఎలా ఉన్నదో తెలుసుకోవడానికి యంత్రాలు అక్కరలేదు. తెల్లవారుజామున తడిక తీయకముందే లోపలికి వెళ్లి, పిల్లలు పడుకున్న చోట మోకాళ్ల మీద వంగి రెండు నిమిషాలు గాలి పీల్చాలి. కళ్లు మండితే పిల్లలకు అది రాత్రంతా మండినట్లే.

దొడ్డి నేలను ఒక వైపుకు వాలుగా చేసి, మూత్రం కాలువ గుండా బయటి గుంతలోకి పోయేలా చూడాలి. రోజూ ఉదయం పెంటికలు ఊడ్చాలి. పిల్లల కింద ఎండుగడ్డి గాని, వేరుశనగ పొట్టు గాని పరిచి, తడిసిన వెంటనే మార్చాలి. మూడు, నాలుగు నెలలకొకసారి నేలమట్టిని జానెడు లోతున తీసి కొత్త మట్టి పోయాలి. చలి అని దొడ్డిని నలువైపులా గోనెలతో మూసివేయడం తప్పు. పిల్లలకు చలిగాలి తగలకుండా కింద మూసి, చూరు కింద గాలి పోయే సందు వదలాలి. పోతుమేక మూత్రం మరీ ఘాటు. ఎదకాలంలో అది గడ్డం మీద, ముందుకాళ్ల మీద కూడా పోసుకుంటుంది. దానిని పిల్లలకు దూరంగా కట్టాలి.

స్తోమత ఉన్నవారు వెదురు బద్దలతోనో, కొయ్య పలకలతోనో నేలకు మూడు, నాలుగు అడుగుల ఎత్తున మంచె కట్టుకుంటే మూత్రం, పెంటికలు కిందికి జారిపోతాయి. పిల్లల కాళ్లు ఇరుక్కోకుండా బద్దల సందు ఒకటి, ఒకటిన్నర సెంటీమీటరు మించరాదు.

సున్నం విషయంలో ఒక జాగ్రత్త అవసరం. తడి పెంట మీద సున్నం చల్లితే అమోనియా తగ్గకపోగా ఒక్కసారిగా ఎక్కువవుతుంది. ముందు ఊడ్చి, నేలను ఆరబెట్టి, ఆ తర్వాతే సున్నం చల్లాలి. అప్పుడు పిల్లలను బయట ఉంచాలి.

పోయేది పొలం సొమ్మే

దొడ్డిలో వచ్చే ఘాటు వాసన అంటే గాలిలో కలిసిపోతున్న నత్రజని. పిల్లను తీసేది, పైరుకు అందకుండా పోయేది ఆ ఒక్క వాయువే. మేకల, గొర్రెల ఎరువులో నత్రజని సుమారు 3 శాతం, భాస్వరం 1 శాతం, పొటాష్ 2 శాతం ఉంటాయి. మామూలు పశువుల ఎరువు కంటే ఇది బలమైనది. పొలంలో మంద కట్టించుకునే రైతులకు ఈ సంగతి తరతరాలుగా తెలుసు. మంద లేచిన వెంటనే గుంటక తోలి మూత్రాన్ని, పెంటికలను మట్టిలో కలిపితే ఆ బలం నేలలోనే నిలుస్తుంది. దొడ్డి నుంచి ఊడ్చిన పెంటను, తవ్విన మట్టిని గుంతలో వేసి, కొంచెం సూపర్ ఫాస్ఫేటు చల్లి, పైన మట్టి కప్పినా నత్రజని నష్టం తగ్గుతుంది.

రోజుకు పావుగంట చీపురు పని, నాలుగు తట్టల పొడి పొట్టు. ఇంతకు మించి పెద్ద ఖర్చు లేదు. ముసురు పట్టక ముందే ఈ పని మొదలుపెట్టిన ఇంట పిల్లా దక్కుతుంది, పైరుకు ఎరువూ దక్కుతుంది.