డెబ్బై బై తొంభై

బాన్సువాడలో బోధన్ వైపు వెళ్లే రోడ్డు పక్కన ఒక రేకుల మెకానిక్ షెడ్డు. పోయిన వేసవిలో అక్కడ ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని రెండు పూటలు గడిపాను. నా ఎదుట గోనెసంచి పరిచి, దాని మీద పాత బుల్లెట్ ఇంజన్ని ముక్కలు ముక్కలుగా పేర్చారు. ఉస్తాద్ సిలిండర్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని, బొటనవేలి గోటిని లోపలి గోడ మీద కిందినుంచి పైకి జరిపాడు. అంచుకు కాస్త దిగువన గోరు టక్కున ఆగింది.

"బోరుకొచ్చింది సార్" అన్నాడు, అంటే సిలిండర్ అరిగి లోపల కోయించాల్సి వచ్చిందని. నాడి చూసినంత సేపు కూడా పట్టలేదు.

నా సంచిలో సరిగ్గా ఆ సంగతినే బొమ్మలతో, కొలతలతో పేజీల కొద్దీ చెప్పే పుస్తకం ఉంది. తీసి చూపించాను. "అండ్ల గిదే రాసిండ్రా?" అని నవ్వి, నూనె చేతులతో తాకడం ఇష్టం లేక మోచేత్తో పేజీ తిప్పాడు. సిలిండర్ అడ్డుకోత బొమ్మ దగ్గర ఆగి, గోరు తగిలిన చోటే వేలు చూపించాడు. ఆయన ఇంగ్లీషు చదవలేడు. నాకు ఇనుము చదవడం రాదు. పాత ఇంజన్ని మళ్లీ బతికించాలంటే ఈ రెండు చదువులూ కావాలి.

అమెరికాలో భారీ ఇంజన్ల మజిల్ కార్లంటే పడిచచ్చేవాళ్లకు పుస్తకాల కరువు లేదు. 1955లో షెవర్లే కంపెనీ కోసం ఎడ్ కోల్ బృందం తయారుచేసిన 'స్మాల్ బ్లాక్' వి-8 ఇంజన్ ఒక్కదాని మీదే అలమారా నింపేయొచ్చు. దాన్ని విప్పి కట్టడం మీద డేవిడ్ విజార్డ్ రాసిన పుస్తకాన్ని ఎన్నో గ్యారేజీల్లో పానాల పక్కనే పెట్టుకున్నారు. అదే 1955లో మద్రాసు శివారు తిరువొత్తియూరులో ఎన్‌ఫీల్డ్ ఇండియా పుట్టింది. ఒకే ఏడు పుట్టిన ఆ ఇద్దరిలో ఒకరి చుట్టూ గ్రంథాలయం పెరిగింది. రెండోవారి చుట్టూ ఉస్తాదులు పెరిగారు. మన దగ్గర మజిల్ కారుకు సాటి వచ్చే బండి ఏదంటే నాకు తోచేది బుల్లెట్టే. ఊళ్లోకి రాకముందే చప్పుడు వచ్చే బండి అది.

అసలు బుల్లెట్ అన్న పేరు 1932 నాటిది. ఇంగ్లండ్‌లోని రెడ్డిచ్‌లో రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్లు పెట్టారు. మనం ఎరిగిన రూపం మాత్రం రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, 1949లో అమ్మకానికి వచ్చింది. వెనక చక్రానికి స్వింగ్ ఆర్మ్, దానికి రెండు షాక్ అబ్జార్బర్లు అప్పట్లో పెద్ద వింత. మన సైన్యం సరిహద్దు గస్తీకి దాన్ని ఎంచుకుంది. ఆ అవసరం మీదే మద్రాస్ మోటార్స్, రెడ్డిచ్ కంపెనీ చేతులు కలిపాయి. మొదట విడిభాగాలు ఓడల్లో వస్తే ఇక్కడ బిగించేవారు. తర్వాత అచ్చులూ యంత్రాలూ కూడా తెచ్చుకుని ఇక్కడే పోత పోయడం మొదలుపెట్టారు. 1967లో రెడ్డిచ్ ఫ్యాక్టరీ మూతపడింది, మద్రాసుది నడుస్తూనే ఉంది. 1977లో ఆ బండే మళ్లీ ఇంగ్లండుకు ఎగుమతి అయింది. అమ్మగారింట్లో పొయ్యి ఆరిపోయాక కూతురు ఇంటి నుంచి వంట పంపినట్టు.

ఆ ఇంజన్ మొత్తం రెండు అంకెల్లో ఉంది. సిలిండర్ లోపలి వ్యాసం 70 మిల్లీమీటర్లు, పిస్టన్ పైకీ కిందికీ తిరిగే దూరం 90. ఆ రెండింటితో ఘనపరిమాణం లెక్కిస్తే 346 సీసీ. బోరు తక్కువ, స్ట్రోకు ఎక్కువ. పొడవాటి పిడి ఉన్న పానాతో బోల్టు తేలిగ్గా ఊడినట్టే, పొడవాటి స్ట్రోకుకు క్రాంక్ చేయి కూడా పొడవవుతుంది. దానికి తోడు లోపల రెండు బరువైన ఫ్లైవీళ్లు. ఒకసారి తిరగడం మొదలెడితే ఆ బరువే వాటిని లాక్కుపోతుంది. అందుకే నిజాంసాగర్ కాలువ కట్ట మీద, నల్లరేగడి బురదలో, వెనక వడ్ల బస్తా వేసుకుని మూడో గేరులో నెమ్మదిగా పోయినా ఇంజన్ ఆగిపోదు. 1931లో ఆ ప్రాజెక్టు పూర్తయ్యాక ఈ చుట్టుపక్కల నీళ్లూ, కాలువ కట్టలూ, వడ్లూ పెరిగాయి. అలాంటి దారులకు అలాంటి బండే కుదిరింది.

చప్పుడు సంగతి కూడా లెక్కే. బుల్లెట్ లాంటి ఒకే సిలిండర్ నాలుగు దశల ఇంజన్‌లో రెండు చుట్లకు ఒక్క పేలుడు. నిమిషానికి 800 చుట్ల మీద నిలబడి తిరుగుతుంటే 400 పేలుళ్లు, అంటే సెకనుకు ఆరేడు. ఆరేడంటే చెవి విడివిడిగా లెక్కపెట్టగలదు. అదే వేగంలో ఎనిమిది సిలిండర్ల వి-8 అయితే నిమిషానికి 3,200. అన్నీ కలిసిపోయి గుర్రుమంటాయి. మనవాళ్లు 'డుగ్ డుగ్' అని రెండు ముక్కల్లో చెప్పేసింది ఈ లెక్కనే.

ఇంకో సరదా లెక్క. 1955 నాటి ఆ వి-8 మామూలు రకం 4.3 లీటర్లకు 162 గుర్రాలు ఇచ్చేది. మన బుల్లెట్ 18. లీటరుకు ఎన్ని గుర్రాలని చూస్తే వి-8కి 37 చిల్లర, బుల్లెట్‌కు 52. కొలిచే పద్ధతులు వేరు కాబట్టి దీన్ని పట్టుకుని పందేలు కాయకండి.

ఇక పుస్తకాలు.

మొదట చదవాల్సింది కంపెనీ వర్క్‌షాప్ మాన్యువల్, దాంతోపాటు విడిభాగాల పుస్తకం. రెండోదాన్ని చాలామంది ధరల పట్టిక అనుకుని పక్కన పడేస్తారు. నా లెక్కలో అదే అసలు పుస్తకం. ఇంజన్ గాల్లో పేలి ముక్కలన్నీ వరుసగా ఆగిపోయినట్టు గీసిన బొమ్మలు అందులో ఉంటాయి. ఏ వాషర్ తర్వాత ఏ వాషర్ అన్నది గోనెసంచి మీద పేర్చిన కుప్ప చెప్పదు. ఇంజన్ కట్టేశాక చేతిలో ఒక చిన్న రింగు మిగిలితే ఎంత దిగులో అనుభవించినవాడికే తెలుసు. రెండు రోజుల పని మళ్లీ విప్పాల్సిందే.

1950ల నాటి రెడ్డిచ్ బండి దొరికినవాళ్లకు డబ్ల్యూ. సి. హేక్రాఫ్ట్ రాసిన పిట్‌మన్ వారి చిన్న పుస్తకం ఉంది. చొక్కా జేబులో పట్టేంత. పాతకాలపు మర్యాదతో రాసింది. మద్రాసు బండికైతే కెనడాకు చెందిన పీట్ స్నైడల్ మాన్యువల్. ఎగుమతి అయిన బుల్లెట్లు అక్కడ పాడైతే పక్క వీధిలో ఉస్తాద్ ఉండడు కదా. ఉస్తాద్ లేని చోటే పుస్తకం పుడుతుంది. జాన్ హేన్స్ కథా అదే. ఏడెన్‌లో బ్రిటిష్ వైమానిక దళంలో పనిచేస్తున్నప్పుడు స్నేహితుడి ఆస్టిన్ హీలీ స్ప్రైట్ కారు విప్పారు. కంపెనీ పుస్తకం అక్కరకు రాలేదు. అప్పుడు ఒక్కో మెట్టునూ ఫొటో తీసుకుంటూ కట్టారు. 1966లో వచ్చిన మొదటి హేన్స్ మాన్యువల్ అలా తయారైంది. మన షెడ్డులో పనిచేసే కుర్రాడు చోటూ ఇప్పుడు సెల్‌ఫోన్‌తో చేస్తున్నదీ అదే పని, పుస్తకం వేయడం లేదంతే.

ఎందుకిలా అని అడిగేవాళ్లకు ఫిల్ ఇర్వింగ్. ఆస్ట్రేలియావాడు, విన్సెంట్ మోటార్‌సైకిళ్ల ఇంజన్లు గీసినవాడు. 1948లో వచ్చిన ఆయన 'ట్యూనింగ్ ఫర్ స్పీడ్' పందెపు బండ్ల కోసం రాసింది. అందులోని వేగం మనకొద్దు, కాలువ కట్ట మీద ఎక్కడికి పోతాం? కానీ వాల్వు ఎలా కూర్చోవాలి, రెండు ఫ్లైవీళ్లూ ఒకే గీత మీద తిరుగుతున్నాయో లేదో ఎలా చూడాలి లాంటి ఓపిక పనులు అంత వివరంగా చెప్పినవారు తక్కువ. విజార్డ్ పుస్తకాన్ని కూడా ఇలాగే చదవాలి. అంకెలు షెవర్లేవి, మనకు పనికిరావు. పద్ధతి మాత్రం ఏ ఇంజన్‌కైనా ఒకటే: కడుగు, కొలువు, రాసుకో, తర్వాతే కొను. మన దగ్గర ఈ వరుస తలకిందులవుతుంది. ముందు రాణిగంజ్ పోయి పిస్టన్ కొంటాం, తర్వాత సిలిండర్ కొలుస్తాం.

పుస్తకం చదివినందుకు నాకు దక్కిన లాభం ఒకటి చెప్తాను. పిస్టన్ రింగు చివరల మధ్య ఎంత సందు ఉండాలి? బోరును 0.004తో గుణించమని పాత సూత్రం. 70 మిల్లీమీటర్లకు 0.28. ఇంకా తక్కువైతే వేడికి రింగు సాగి చివరలు ఢీకొంటాయి, గోడ గీసుకుపోతుంది. ఉస్తాద్‌కు ఈ సూత్రం చెప్పాను. ఆయన ఫీలర్ గేజీ రేకుల్లోంచి చూడకుండానే ఒకటి లాగి, సిలిండర్లో పెట్టిన రింగు సందులో దూర్చాడు. పట్టీ పట్టనట్టు జారింది. రేకు మీద 0.30 అని ఉంది. నేను పుస్తకం మూసేశాను.

అయితే ఆ గోరు ఎందుకు ఆగింది? ఇది మాత్రం ఉస్తాద్‌కు తెలియదు, పుస్తకానికి తెలుసు. పిస్టన్ పైకి వచ్చి తిరిగి కిందికి మళ్లే ముందు ఒక్క క్షణం నిలబడుతుంది. రింగుకూ గోడకూ మధ్య నూనె పొర నిలవాలంటే కదలిక కావాలి, కదలిక ఆగితే పొర తెగుతుంది. సరిగ్గా ఆ సమయానికే పైన పేలుడు. దాని ఒత్తిడి రింగు వెనక్కి చేరి దాన్ని గోడకేసి నొక్కుతుంది. అంటే నూనె లేని క్షణాన్నే గట్టి నొక్కు. అందుకే గోడ అక్కడ ఎక్కువ అరుగుతుంది, రింగు చేరని పై అంచు మాత్రం మెట్టులా మిగులుతుంది. గోటికి తగిలింది ఆ మెట్టే. కోతల కాలంలో గాలి ఫిల్టర్ దాటి వచ్చే వరి దుమ్ము గరుకు కాగితంలా దీనికి సాయం చేస్తుంది. సిలిండర్ గుండ్రంగానూ అరగదు. పేలుడు తోసేటప్పుడు కనెక్టింగ్ రాడ్ ఏటవాలుగా ఉంటుంది కాబట్టి పిస్టన్ పక్కకు ఒరుగుతుంది. బుల్లెట్‌లో ఆ ఒరుగు ముందూ వెనకా గోడల మీద. కొన్నేళ్లకు గుండ్రని బావి కోడిగుడ్డవుతుంది. అందుకే పైన, మధ్యన, కింద, ప్రతిచోటా రెండు దిక్కుల్లో కొలవాలి. రింగులు మారిస్తే సరిపోతుందనేవాడి మాట వినకండి. కొత్త రింగు అంచు ఆ పాత మెట్టుకు కొట్టుకుని విరుగుతుంది.

ఇంకొన్ని సంగతులు పాత బుల్లెట్ దొరికినవాళ్లకు. దాని బోల్టులు చాలావరకు అంగుళాల లెక్కవి. మిల్లీమీటర్ పానా దూర్చి బలం చూపిస్తే మూలలు అరిగిపోతాయి. టాపెట్ల సందును ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే చూడాలి. పుష్ రాడ్ వేళ్ల మధ్య సులువుగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు, అంటే సందు సున్నా. వేరే బండ్లలో కాస్త సందు వదలమంటారే, ఇక్కడ సున్నా ఏమిటి? వేడెక్కితే సిలిండరూ హెడ్డూ కలిసి పుష్ రాడ్ కంటే ఎక్కువ సాగుతాయి, కావలసిన సందు దానంతటదే వస్తుంది.

కాంటాక్ట్ పాయింట్లను మన ఉస్తాదులు 'ప్లాటినం' అంటారు. పిస్టన్ శిఖరానికి 0.8 మిల్లీమీటర్లు దిగువన ఉండగా అవి విడివడటం మొదలవ్వాలి. ఆ క్షణాన్ని పట్టుకోవడానికి సిగరెట్ పెట్టెలోని పల్చటి కాగితం మధ్యలో ఇరికించి మెల్లగా లాగుతారు. కాగితం వదిలిన చోటే నిప్పురవ్వ చోటు. ఇది ఇంగ్లీషు పుస్తకంలోనూ ఉంది, మన షెడ్డులోనూ ఉంది. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో! బీడీలు చుట్టే ప్రాంతమైనా ఈ పనికి బీడీ ఆకు పనికిరాదు, మందం.

నెలల తరబడి నిలబెట్టిన బండిని ఉత్సాహంగా కిక్కు కొట్టకండి. బుల్లెట్‌లో నూనె గది ఇంజన్ పోతలోనే ఒక పక్కన ఉంటుంది. బండి నడపకుండా నిలబెడితే నూనె పంపు గుండా మెల్లగా క్రాంకు గదిలోకి జారి నిండుతుంది. లోపల ఫ్లైవీళ్లు ఆ నూనెలో మునిగి ఉంటాయి. ముందు అడుగున ఉన్న డ్రెయిన్ బోల్టు విప్పి వదలాలి.

రెండో పూట సాయంత్రానికి సిలిండర్ నిజామాబాద్ లేత్ షాపుకు వెళ్లి వచ్చింది. పోత ఇనుప సిలిండర్ని పావు మిల్లీమీటర్ చొప్పున పెంచుకుంటూ పోవచ్చు, ప్రతి మెట్టుకూ ఓవర్‌సైజ్ పిస్టన్లు దొరుకుతాయి. 70 కాస్తా 71 అయితే 346 సీసీ కాస్తా 356 అవుతుంది. బండి వయసు పెరిగేకొద్దీ ఇంజన్ పెద్దదవుతుందన్నమాట. గోడ పల్చబడి ఇక కోయడానికి వీల్లేనప్పుడు లోపల ఇనుప స్లీవ్ దిగ్గొడతారు. ఈ సిలిండర్‌కు ఆ వంతే వచ్చింది. ఉస్తాద్ కొత్త గోడలోకి బొటనవేలు పోనిచ్చాడు. గోరు కిందినుంచి పైదాకా ఎక్కడా ఆగలేదు. నా చేతిలోంచి పెన్ను తీసుకుని, పుస్తకం వెనక అట్ట మీద తేదీ వేసి, దాని కింద 70 అని రాశాడు.