పందేనికి వేరే దారి ఉంది

ఎమర్జెన్సీ వార్డు బయట బెంచీ మీద కూర్చుని ఈ పుస్తకం తిరగేస్తున్న తల్లిదండ్రులలో కొందరికి ఈ శీర్షికే బాధ కలిగించవచ్చు. క్షమించండి. శనివారం రాత్రుళ్ళు ఆసుపత్రికి వచ్చే కుర్రవాళ్ళను చూసి చూసి ఇది రాస్తున్నాము. వెంట వచ్చిన తల్లి సాధారణంగా ఒకే మాట చెబుతుంది: "మావాడు స్పీడుగా పోడండీ, ఎవరో వచ్చి గుద్దారు." ఆమె అబద్ధం చెప్పడం లేదు. ఆమెకు తెలియదు, అంతే. తెలిసిన స్నేహితుడు గోడకు ఆనుకుని తల వంచుకుని నిలబడి ఉంటాడు.

అందుకే ముందుగా ఒక మనవి. ఎంత వేగంలో పడ్డాడు, హెల్మెట్ ఉందా, ఎంత దూరం విసిరివేయబడ్డాడు అని డాక్టరు అడిగితే నిజం చెప్పండి, ఆ స్నేహితుని చేత చెప్పించండి. శిక్ష వేయడానికి ఆయన అడగడం లేదు. వేగం తెలిస్తే, పైకి గీత కూడా లేని కుర్రవాడిలో సైతం కడుపులో రక్తస్రావం కోసం, మెడ ఎముకల గాయం కోసం వెతుకుతారు. తలకు దెబ్బ తగిలినవాడు కాసేపు చక్కగా మాట్లాడి, తరువాత మత్తులోకి జారిపోవడం కూడా ఉంటుంది. "బాగానే ఉన్నాడు కదా" అని ఇంటికి తీసుకువెళ్ళకండి.

వేగం సంగతి చాలామంది అనుకున్నట్లు ఉండదు. వేగం రెండింతలైతే దెబ్బ నాలుగింతలు అవుతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో గోడను ఢీకొనడం దాదాపు మూడంతస్తుల మీది నుండి పడడంతో సమానం. 100 కిలోమీటర్లయితే పన్నెండు అంతస్తుల పైనుండి పడినట్లే. ఆ వేగంలో బండి ఒక్క సెకనుకు 28 మీటర్లు పోతుంది. ఎదురుగా కుక్క కనబడి బ్రేకు మీదికి కాలు వెళ్ళేలోగానే ఆ 28 మీటర్లు అయిపోతాయి. ఆగడం ఇంకా మొదలే కాలేదు.

ఇవన్నీ చెబితే పిల్లలు మానేస్తారా? మానరు. వేగం మీది మోజు వయసుతో వచ్చేది. తిట్టినంత మాత్రాన పోదు. "బండి తీస్తే కాళ్ళు విరగ్గొడతాను" అన్న తండ్రి కొడుకు స్నేహితుడి బండి మీద పడి వస్తాడు. అందుకని ఈ మోజుకు ఇంకొక చోట తావు ఇచ్చినవారి కథ చెప్పాలి.

రెండో ప్రపంచ యుద్ధం తరువాత అమెరికాలోని కాలిఫోర్నియాలో కుర్రకారు పాత కార్లకు ఇంజన్లు మార్చి వీధులలో పందేలు వేసేవారు. 1950లో శాంటా అనా విమానాశ్రయంలో ఒక రన్‌వే మీద రుసుము తీసుకుని పందేలు నడపడం మొదలైంది. 1951లో వాలీ పార్క్స్ అనే ఆయన నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ స్థాపించారు. 1953లో ఆ సంస్థ మొదటి పోటీ పొమోనా పట్టణంలో ఎగ్జిబిషన్ మైదానపు పార్కింగ్ స్థలంలో జరిగింది. దానికి సహకరించినవారు అక్కడి పోలీసులే! వీధిలో ఎవరిని తరమవలసి ఉందో వారికే ఒక చోటు చూపించారు.

అలా పుట్టినదే డ్రాగ్ స్ట్రిప్. తిన్నని రోడ్డు, పావు మైలు, అంటే 402 మీటర్లు. పక్కపక్కన రెండు దారులు, అంచున గోడ. పందెం గీత దాటిన తరువాత ఆగడానికి వేరే పొడవైన రోడ్డు ఉంటుంది. మన వీధిలో లేనిది ముఖ్యంగా ఇదే. బయలుదేరే ముందు బ్రేకులు, టైర్లు, హెల్మెట్ పరీక్షిస్తారు. అంబులెన్సు ఇంజన్ వేడి మీద సిద్ధంగా ఉంటుంది. జెండాకు బదులు దీపాల స్తంభం; పచ్చ దీపం వెలగకముందే కదిలితే ఎర్ర దీపం, ఓటమి. కాలాన్ని సెకనులో వెయ్యో వంతు వరకు కొలిచి చీటీ ఇస్తారు. "నాదే ముందు" అన్న వాదన ఉండదు.

ఇంకొక పద్ధతి కూడా ఉంది, ఇది మీ అబ్బాయికి చెప్పదగినది. పోటీదారు తన బండికి ఎంత సమయం పడుతుందో ముందే చెబుతాడు. నెమ్మది బండిని ముందుగా వదులుతారు. చెప్పిన సమయం కంటే వేగంగా వచ్చినా ఓడిపోతాడు. అంటే తన బండి గురించి తనకు ఎంత తెలుసన్నదే పందెం. పాత బండితో లక్షల బండిని గెలవవచ్చు.

ప్రమాదమే లేదని మేము చెప్పము. 2008లో స్కాట్ కలిట్టా అనే ప్రసిద్ధ డ్రైవరు న్యూజెర్సీ స్ట్రిప్ మీద మరణించారు. ఆ వెంటనే అతి వేగపు కార్లకు దూరాన్ని వెయ్యి అడుగులకు, అంటే 305 మీటర్లకు తగ్గించారు. మన దేశంలో కూడా 2023 జనవరిలో కె.ఇ. కుమార్ అనే 59 ఏళ్ళ డ్రైవరు మద్రాసు ట్రాక్ మీద మరణించారు. కాని అక్కడ చనిపోయినది తెలిసి దిగినవారు. వీధి పందెంలో పాల ప్యాకెట్ కోసం రోడ్డు దాటే ముసలాయన చనిపోతాడు. ఆయన పందెం ఒప్పుకోలేదు.

మన దగ్గర ఇటువంటివి ఉన్నాయా అని అడుగుతారు. తక్కువ. చెన్నై వద్ద షోలవరంలో యుద్ధకాలపు పాత విమాన రన్‌వే మీద చాలాకాలం రేసులు జరిగాయి. తరువాత శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వారి ట్రాక్ వచ్చింది. జాతీయ స్థాయి డ్రాగ్ పోటీలు అక్కడ జరిగాయి. మోటారు పోటీలకు అనుమతులు, పోటీదారులకు లైసెన్సులు ఇచ్చే సంస్థ ఎఫ్.ఎమ్.ఎస్.సి.ఐ. నెల్లూరు, తిరుపతి వారికి చెన్నై దగ్గరే. హైదరాబాదు వారికి రాత్రి రైలు ప్రయాణం. దూరమేనండీ, ఒప్పుకుంటాము. అయినా ఆసుపత్రి ఖర్చుతో పోలిస్తే రైలు టిక్కెట్టు ఏపాటిది? 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్ల పోటీ జరిగినప్పుడు ఆ రోడ్డుకు ఎన్ని గోడలు, కంచెలు కట్టారో చూసినవారికి గుర్తుండే ఉంటుంది. రాత్రిపూట పందెం వేసే కుర్రవాడికి ఆ కంచెలలో ఒక్కటీ ఉండదు.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. ప్రభుత్వ లిఖిత అనుమతి లేకుండా బహిరంగ ప్రదేశంలో పందెం వేస్తే, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం మొదటిసారి మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. రెండోసారి పట్టుబడితే జైలు ఏడాది వరకు పోవచ్చు. బండి నడిపింది మైనరైతే 199ఏ సెక్షన్ తండ్రి మీదికి, బండి యజమాని మీదికి వస్తుంది: 25,000 జరిమానా, మూడేళ్ళ వరకు జైలు. ఆ పిల్లవాడికి 25 ఏళ్ళు నిండేదాకా లైసెన్సు రాదు. బీమా పత్రం కూడా ఒకసారి తీసి చదవండి. పందేలకు, వేగ పరీక్షలకు వాడితే వర్తించదని సాధారణంగా అందులోనే రాసి ఉంటుంది.

అమెరికాలో చదువుకునే పిల్లలు ఉన్న ఇళ్ళకు ఒక మాట. అక్కడ చాలా స్ట్రిప్‌లలో మామూలు లైసెన్సు ఉన్నవారు సొంత కారు తెచ్చి నడుపుకునే రాత్రులు ఉంటాయి. ఫోనులో "జాగ్రత్త నాయనా" అనేటప్పుడు ఈ సంగతి కూడా చెప్పండి. కాలిఫోర్నియాలో వీధి పందెంలో దొరికితే కారును 30 రోజులు స్వాధీనం చేసుకోగలరు.

ఇక ఈ రాత్రి ఇంటికి వెళ్ళగానే అబ్బాయి బండి చూడండి. అద్దాలు తీసేశాడా? నంబరు ప్లేటు పైకి వంచి ఉందా? సైలెన్సరు మార్చాడా? శనివారం మాత్రమే హెల్మెట్ ఇంట్లో ఉండిపోతోందా? వీటిలో రెండు కనిపిస్తే తాళంచెవి మీ దగ్గర పెట్టుకోండి. అప్పుడే గొడవ పెట్టుకోవద్దు. ఉదయం టిఫిన్ దగ్గర కూర్చోబెట్టి, "ఒరేయ్, నీ బండి 402 మీటర్లకు ఎన్ని సెకన్లు తీసుకుంటుందిరా?" అని అడగండి. వాడు ఆశ్చర్యపోయి మీ ముఖం చూస్తాడు. అక్కడి నుండి మాట్లాడండి.