డోలు కొడుతూ చరిత్ర చెప్పిన సకిని రామచంద్రయ్య
చివ్వెంల వాళ్లం కాబట్టి దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర భేరీల చప్పుడు మనకి చిన్నప్పటి నుంచీ తెలుసు. ఇవాళ ఇంకో జాతర, ఇంకో డోలు.

సకిని రామచంద్రయ్య గారిది మణుగూరు దగ్గర కూనవరం. కోయ కళాకారుడు. మేడారం సమ్మక్క సారలమ్మల కథ, కోయ వంశాల కథలు డోలు కొడుతూ కోయలో, తెలుగులో పాడేవారు. పుస్తకం చూసి కాదు, అంతా నోటికే! పశ్చిమ ఆఫ్రికాలో గ్రియోలు కూడా ఇంతే, మాలి రాజు సుందియాటా కథని తరతరాలుగా నోటితోనే దాటించారు.

2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్‌లో ఆయన పోయారు. మన డేటాకి సర్వర్‌లో బ్యాకప్ ఉంటది. ఈ కథలకి బ్యాకప్ అంటే పక్కన కూర్చొని నేర్చుకునే కుర్రాడే, అలాంటోళ్లు ఇప్పుడు చాలా తక్కువ. ఈసారి మేడారం పోతే, డోలు వాళ్లని అడిగి ఒక్క కథైనా పూర్తిగా రికార్డు చెయ్యండి. ముప్పై సెకన్ల రీల్ సరిపోదు.