శస్త్రచికిత్సలో మూగజీవుల నొప్పి

1888, 1889 సంవత్సరములలో హైదరాబాదులో రెండు క్లోరోఫారం కమిషనులు పనిచేసినవి. నిజాం ప్రభుత్వపు ఆదరణతో, రెసిడెన్సీ వైద్యుడు ఎడ్వర్డ్ లారీ పూనికతో జంతువులకు మత్తు ఇచ్చి పరీక్షించిరి. మత్తు మితిమీరినపుడు మొదట ఆగునది శ్వాసయే గాని గుండె కాదని వారు తేల్చిరి. కాని మత్తు తేలికగా ఉన్నప్పుడే గుండె లయ తప్పి ఆగిపోవచ్చునని 1911లో లెవీ పిల్లులపై చూపెను. ఆనాటి ప్రశ్న మత్తువలన ప్రాణభయము గురించి. నేటి ప్రశ్న మరొకటి: మత్తులోనున్న జంతువునకు నొప్పి తీరినట్లేనా?

తీరినట్లు కాదు. ఐసోఫ్లూరేన్ వంటి మత్తుమందు స్పృహను తొలగించును. అయినను కత్తిగాటు పుట్టించిన సంకేతములు నరముల ద్వారా వెన్నుపామునకు చేరుచునే యుండును. వాటి తాకిడికి అచ్చటి నాడీకణములు అతి సున్నితమగును. మెలకువ వచ్చిన పిమ్మట చిన్న స్పర్శయు బాధించును. ఈ మార్పును 1983లో క్లిఫర్డ్ వూల్ఫ్ ఎలుకలలో కనుగొనెను.

కనుక గడ్డివామి అంటుకొనకముందే నిప్పు ఆర్పవలెను. శస్త్రచికిత్సకు సుమారు అరగంట ముందు ఎలుకకు బ్యూప్రినార్ఫిన్ సూదిమందు ఇత్తురు. కోయుచోట లిగ్నొకెయిన్, వాపు తగ్గుటకు మెలాక్సికామ్ వాడుదురు. ఇవి వేర్వేరు చోట్ల నొప్పిని అడ్డగించును. మత్తుమందు కూడ తక్కువ చాలును. అయితే ముందిచ్చిన మోతాదుతో పని ముగియదు, తరువాతను కొనసాగింపవలెను.

మేల్కొను సమయమున పెద్ద శత్రువు చలి. ఒక సెంటీమీటరు భుజముగల ఘనమునకు ఘనపరిమాణము 1, ఉపరితలము 6. పది సెంటీమీటర్ల ఘనమునకు 1000కి 600 మాత్రమే. అనగా చిన్న శరీరము తన పరిమాణమునకు పదిరెట్లు ఎక్కువ ఉపరితలమునుండి వేడిని కోల్పోవును. అందుచే ఎలుకను వెచ్చని పెట్టెలో ఉంచి, శరీరపు వేడిని కొలుచుచుందురు. రెప్పలు పడవు గనుక కండ్లు ఎండకుండ లేపనము పూయుదురు. తానై నిలువగలుగువరకు తోడి ఎలుకలతో కలుపరు.

నెమరు వేయని ఎద్దును చూచి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి రైతు దాని బాధను గ్రహించును. ఎలుక బాధను దాచుకొను జీవి. అయినను కండ్లు ముడుచుకొనుట, చెవుల తీరు మారుట వంటి గుర్తులతో చిట్టెలుకల నొప్పిని అంచనా వేయు పద్ధతి 2010లో వెలువడెను.

జంతుహింసా నివారణ చట్టము (1960) ప్రయోగములలో శస్త్రచికిత్సకు వీలైనంతవరకు తగిన మత్తు ఇవ్వవలెనని చెప్పుచున్నది. ఇది దయ మాత్రమే కాదు. నొప్పి ఆకలిని, హార్మోనులను, రోగనిరోధకశక్తిని మార్చును. బాధపడు జంతువునుండి వచ్చిన ఫలితము ఔషధమును గురించి చెప్పుచున్నదో, బాధను గురించి చెప్పుచున్నదో తెలియదు.